రేడియో గది ఖాళీ చేయాలి: పారేయాలా, దాచాలా?

నలభై మీటర్లు:
అందరికీ నమస్కారం. తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నాను. 1988లో హామ్ రేడియో (సొంత సెట్టుతో దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడే సరదా) లైసెన్సు తీసుకున్నాను. మల్కాజిగిరిలో సొంతిల్లు, మేడ మీద గది మొత్తం రేడియో సామానే. ఇప్పుడు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం, సంక్రాంతి లోపు ఖాళీ చేయాలి. వెళ్లేది రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాటు.

నిన్న కూర్చుని లెక్క రాశాను. ట్రాన్స్‌సీవర్లు (మాట పంపడానికీ, వినడానికీ ఒకే సెట్టు) 4, అందులో పనిచేసేవి 2. పవర్ సప్లైలు 7. 807 అనే రకం వాల్వులు (పాత సెట్లలో ఉండే గాజు బల్బుల్లాంటివి) 31. గ్యాంగ్ కండెన్సర్లు (స్టేషన్ తిప్పడానికి వాడేవి) ఒక బియ్యం డబ్బా నిండా. ట్రాన్స్‌ఫార్మర్లు లెక్కపెట్టే ఓపిక లేక వదిలేశాను. మా ఆవిడ మాట ఒక్కటే: "రెండు అట్టపెట్టెలు. మూడోది కనిపిస్తే నేనే పాతసామాన్లవాణ్ణి పిలుస్తా." మావాడు ఫోన్‌లో "అమ్మేయండి నాన్నా" అని ఊరుకున్నాడు, వాడికేం.

బయట ఒక చిన్న గది అద్దెకి తీసుకుని అన్నీ అందులో పెట్టేద్దామని ఉంది. రేపు ఏదైనా కావాల్సి వస్తే ఎక్కడ వెతుక్కోవాలి? మీరేమంటారు?

కోఠి బాటసారి:
సార్, చివరిసారి 807 పెట్టి ఏదైనా కట్టింది ఎప్పుడు? నిజం చెప్పండి.

దాస్తే పాడవకుండా ఉంటాయనుకోవడం కూడా పొరపాటే. ఏళ్ల తరబడి కరెంటు చూడని సెట్టులో ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు (కరెంటు నిలవ ఉంచే భాగాలు) లోపల్లోపల బలహీనపడతాయి. ఒకరోజు ముచ్చటపడి నేరుగా 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఢామ్మంటుంది. వేరియాక్ (వోల్టేజీ తగ్గించి పెంచే పరికరం) మీద మెల్లగా వోల్టేజీ పెంచుకుంటూ లేపాలి. పాతికేళ్ల నాటివాటికి మెల్లగా లేపినా నమ్మకం లేదు. మీరు అద్దె కట్టేది శవాలకి.

గుంటూరు యాంటెన్నా:
అన్నా, మరీ అంత మాటెందుకు. 2004 డిసెంబరు గుర్తు చేసుకోండి. భారతీ ప్రసాద్ గారు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం హామ్ కార్యక్రమం మీద పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి కబురు పంపింది వాళ్ల సెట్లే. సామాను ఉన్నవాడే ఆపద రోజున పనికొస్తాడు.

ఇంకోటి. బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్‌ని డిజైన్ చేసిన అష్హర్ ఫర్హాన్ గారిది మన హైదరాబాదే. మొదటి డిజైన్‌లో కాయిల్ చుట్టింది దేనిమీద? కుళాయి వాషర్ల మీద! ఇంట్లో చిల్లర సామాను లేకపోతే అలాంటి బుర్రలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

కోఠి బాటసారి:
యాంటెన్నా గారూ, మీ రెండు ఉదాహరణలూ నా పక్షానే మాట్లాడుతున్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కి వాళ్లు పట్టుకెళ్లింది పనిచేసే సెట్లు, రోజూ వాడుకలో ఉన్నవి. అటక మీది బియ్యం డబ్బా కాదు. ఇక కుళాయి వాషరు సంగతి: ఏ ఊళ్లోనైనా, ఏ శానిటరీ షాపులోనైనా దొరికేదాంతో కట్టుకోవచ్చనేగా ఆ డిజైన్ గొప్పతనం? మరి ముప్ఫై ఏళ్లు దాచడం దేనికి?

గుంటూరు యాంటెన్నా:
వాషరు సంగతి ఒప్పుకుంటాను. గ్యాంగ్ కండెన్సరు మాత్రం శానిటరీ షాపులో దొరకదు. కోఠి గుజరాతీ గల్లీలో ఒకప్పుడు గుట్టలుగా ఉండేవి, ఇప్పుడు అడిగితే కుర్రాడు మన మొహంకేసి చూస్తాడు. నాదదే బాధ.

గది తాళం:
నాకు లైసెన్సు లేదు. మా నాన్నగారికి ఉండేది, అందుకే ఈ చర్చ చదువుతున్నాను.

ఆయన 2019లో పోయారు. ఆ గదిలో ఏది ఏమిటో అమ్మకి తెలియదు, నాకు తెలియదు. ఒక పవర్ సప్లై మీద సుద్దముక్కతో పెద్ద ప్రశ్నార్థకం గీసి ఉంది. పాడయిందనా, చూడాలనా, ముట్టుకోవద్దనా? ఆదివారాలు ఎవరెవరో "సార్ స్నేహితులం" అంటూ వచ్చి చూసి వెళ్లేవాళ్లు. ఒకాయన ఒక సెట్టుకి 2,000 చేతిలో పెట్టి తీసుకెళ్లాడు. దాని అసలు ధర తర్వాత తెలిసింది. అమ్మ బాధపడింది డబ్బుకి కాదు. "మీ నాన్న దాన్ని ఎంత కష్టపడి కొన్నారో నాకు తెలుసు, వాడికీ తెలుసు" అంది. ట్రాన్స్‌ఫార్మర్లు చివరికి రాగితీగ కోసం కిలోల లెక్కన పోయాయి.

ఒక సొరుగులో మాత్రం చిన్న చిన్న కాగితం పొట్లాలు, ఒక్కో దానిమీద ఆయన రాత. ఒకదానిమీద "100 పీఎఫ్, మైకా, మంచివి". ఆ "మంచివి" చూసి ఏడ్చాను. ఆ సొరుగొక్కటే సరైనవాళ్ల చేతికి చేరింది, ఎందుకంటే రాసి ఉంది కాబట్టి.

అంకుల్, ఉంచుకుంటారో ఇచ్చేస్తారో మీ ఇష్టం. అదేమిటో తెలిసింది మీ ఒక్కరికే. మీరుండగానే ఏదో ఒకటి చేయండి.

రూల్‌బుక్:
ఒక హెచ్చరిక. ట్రాన్స్‌మిటర్‌ని ఓఎల్‌ఎక్స్‌లో పెట్టి వచ్చినవాడికల్లా అమ్మకండి. లైసెన్సు లేనివాళ్లు ఇలాంటి పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమని 1933 నాటి చట్టం నుంచీ ఉన్నదే. తీసుకునేవాళ్ల కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు), లైసెన్సు కాపీ చూడండి, ఇచ్చినట్టు కాగితం రాసుకోండి. విడిభాగాలు, మీటర్లు, పవర్ సప్లైలకి ఆ బాధ లేదు. ఉబ్బిన బ్యాటరీలు మాత్రం మున్సిపాలిటీ చెత్తబండిలో వేయొద్దు.

డాలస్ తమ్ముడు:
అన్నయ్యగారూ, ధర దగ్గర జాగ్రత్త. కానెమన్, క్నెచ్, థేలర్ అనే ముగ్గురు 1990లో ఒక ప్రయోగం అచ్చేశారు. కొందరికి కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకి అమ్ముతావంటే 7 డాలర్ల దాకా అడిగారు. కప్పు లేనివాళ్లని ఎంతకి కొంటావంటే 3 డాలర్లు కూడా దాటలేదు. కప్పు అదే. కాసేపు చేతిలో ఉన్న కప్పుకే అంత తేడా వస్తే, ముప్ఫై ఏళ్ల వాల్వుకి మీరు చెప్పే రేటు ఊహించగలను.

ఇక్కడ అమెరికాలో, ఒహాయోలో హామ్‌వెన్షన్ అని హామ్‌ల జాతర 1952 నుంచి జరుగుతోంది. అక్కడి సంతలో చనిపోయిన హామ్‌ల సామాను బల్లల మీద పరుస్తారు. వాళ్లని "సైలెంట్ కీ" అంటారు. ఒక బల్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని, ఏది అడిగినా "మీకెంత తోస్తే అంత" అంటోంది. బేరమాడబుద్ధి కాలేదు, కొనబుద్ధీ కాలేదు.

వంటింటి వైపు నుంచి:
అద్దె గదికి నెలకి మూడు వేలు అనుకున్నా ఏడాదికి 36,000. వదినగారు రెండు పెట్టెలకి ఒప్పుకోవడమే ఎక్కువ. మా ఇంట్లో అక్వేరియం సామానుకి నేను ఒక్కటే ఇచ్చాను.

నలభై మీటర్లు:
ఆలస్యంగా రాస్తున్నాను, నెల దాటింది. గది అద్దెకి తీసుకోలేదు.

గది తాళం అమ్మాయి రాసింది చదివిన రాత్రే మేడ మీదకి వెళ్లి వాల్వుల పెట్టె దించాను. పాత పేపర్లలో చుట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ దీపానికి అడ్డం పెట్టి చూశాను. లోపల గాజుకి వెండిలా మెరిసే మచ్చ ఉంటుంది, గాలి చొరబడితే పాలలా తెల్లబడుతుంది. అలా తెల్లబడ్డవి 5. ఎన్నేళ్ల నుంచి చచ్చి ఉన్నాయో, వాటికి కాపలా కాశాను. బియ్యం డబ్బాలో అడుగున సగం గ్యాంగులు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పైవి బాగానే ఉన్నాయి, అవి గుంటూరు వెళ్లాయి. యాంటెన్నా గారు బస్ పార్శిల్ చార్జీలు కూడా పంపారు.

పనిచేసే సెట్టు ఒకటి కొత్తగా లైసెన్సు వచ్చిన కుర్రాడికి ఇచ్చాను. రూల్‌బుక్ గారు చెప్పినట్టే కాగితం రాసుకున్నాం. ధర వాడినే చెప్పమన్నాను, తక్కువే చెప్పాడు, కాస్త మండింది. మొన్న రాత్రి ఏడు మెగాహెర్ట్జ్‌లో వాడి గొంతు విన్నాను. నా సెట్టే, నా మైకే. నేను పలకలేదు, ఊరికే విన్నాను. మాడ్యులేషన్ (సెట్టులోకి వెళ్లే గొంతు మోతాదు) కొంచెం ఎక్కువ పెట్టాడు, చెప్పాలి.

మా ఆవిడ మూడో పెట్టెకి ఒప్పుకుంది. అందులో నేను మొదట కట్టిన సెట్టు ఉంది, పనిచేయదు. కోఠి బాటసారి గారు నన్నేమీ అనొద్దు.

పవర్ సప్లైలు ఇంకా మూడు మిగిలాయి. 13.8 వోల్టులు, 20 ఆంపియర్లు. ఊరికే ఇస్తాను. ఆదివారం పదింటిలోపు రండి. బైక్ మీద మాత్రం వద్దు, ఒక్కోటి పదిహేను కిలోలుంటుంది.