జపాన్‌లో మిర్చి బయ్యర్లతో మొదటి మీటింగు: ఏమేం చూసుకోవాలి?

కొరిటెపాడు:
అందరికీ నమస్కారం. మాది గుంటూరులో మిర్చి వ్యాపారం. ఇన్నాళ్లూ చెన్నై ఎక్స్‌పోర్టర్లకు సరుకు ఇస్తున్నాం. ఇకమీదట తొడిమ తీసిన తేజ రకం మిర్చి నేరుగా జపాన్‌కి పంపాలని ఉంది. నవంబరులో నాన్నగారూ నేనూ ఒసాకా, టోక్యో వెళ్లి కొనేవాళ్లను కలవాలి. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి, వంగి నమస్కరించాలి అన్నంతవరకు వీడియోల్లో దొరుకుతోంది. మీటింగు గదిలో అసలేం జరుగుతుంది, రేటు ఎలా మాట్లాడాలి, చేతిలో ఏం పట్టుకెళ్లాలి? అప్పటికి కార్తీకమాసం, నాన్నగారు నీసు ముట్టరు. మందు ఇద్దరికీ అలవాటు లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బెంజిసర్కిల్:
ముందు టైమ్ సంగతి. 10 గంటల మీటింగంటే 10 నిమిషాల ముందే బిల్డింగు కింద ఉండి, 5 నిమిషాల ముందు రిసెప్షన్‌లో చెప్పాలి. అంతకన్నా ముందే పైకి వెళ్తే వాళ్లకు ఇబ్బంది. చాలా ఆఫీసుల్లో రిసెప్షన్‌లో మనిషి ఉండడు, ఒక ఫోను, పక్కన నంబర్ల పట్టిక ఉంటాయి. కలవాల్సిన వారి పేరు, డిపార్ట్‌మెంటు జపనీస్‌లో రాయించి దగ్గర పెట్టుకోండి. ఓవర్‌కోటు వేసుకుంటే బిల్డింగు బయటే విప్పి చేతిమీద వేసుకోవాలి.

కార్డు ఇచ్చేటప్పుడు టేబుల్ మీదుగా చెయ్యి చాపొద్దు. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి, నిలబడి, అక్షరాలు వాళ్లవైపు ఉండేలా ఇవ్వాలి. నాన్నగారు ముందు, మీరు తర్వాత. అవతల కూడా పెద్ద హోదా ఉన్నవారితోనే మొదలు. తీసుకున్న కార్డు చదివి, కూర్చున్నాక వాళ్లు కూర్చున్న వరుసలోనే టేబుల్ మీద పేర్చుకోండి. పెద్దాయన కార్డు మీ కార్డు కేసు మీద పెట్టండి. వాటిమీద పెన్నుతో రాయడం, వెనక జేబులో దోపుకోవడం చాలా తప్పు.

మన పేర్లతో ఒక చిక్కుంది. ఇంటిపేరు ఇనీషియల్‌గా, అసలు పేరు రెండు ముక్కలుగా ఉంటే ఏమని పిలవాలో వాళ్లకు తోచదు. కార్డు వెనక జపనీస్‌లో అచ్చు వేయించేటప్పుడు, పిలిచే పేరు ఒక్కటే మూడు నాలుగు అక్షరాల్లో కటకానా లిపిలో వేయించండి. వాళ్లను ఇంటిపేరుకి 'సాన్' చేర్చి పిలవాలి. మన పేరుకి మనం చేర్చుకోకూడదు.

తలుపుకి దూరంగా ఉండే కుర్చీలు అతిథులవి. చూపించాకే కూర్చోండి. మొహమాటపడి తలుపు పక్కన కూర్చుంటే వాళ్ల వరుసంతా మారిపోతుంది. వంగే పద్ధతి గురించి మాత్రం దిగులు వద్దు. తల కాస్త వంచి ఒక క్షణం ఆగితే చాలు, విదేశీయులు అందులో తడబడినా ఎవరూ పట్టించుకోరు.

అరండల్‌పేట:
పైన చెప్పినవన్నీ పాటించండి. కానీ ఆర్డరు చెయ్యి జారేది కార్డు దగ్గర కాదు, మన నోట్లో నానే 'అయిపోద్ది సార్, చూసుకుందాం' దగ్గర. కంటైనరు ఎన్ని రోజుల్లో వస్తుందని అడిగినప్పుడు మీరు ఉజ్జాయింపుగా చెప్పిన అంకె అక్కడి నోటుపుస్తకంలోకి ఎక్కుతుంది. ఇక అది మీరిచ్చిన మాట. తెలియకపోతే 'గుంటూరులో కనుక్కుని బుధవారం మధ్యాహ్నంలోగా మెయిల్ చేస్తాం' అనండి. బుధవారానికి సమాచారం అందకపోతే అందలేదని అయినా మెయిల్ వెళ్లాలి.

రేటు చెప్పాక గది నిశ్శబ్దమైపోతుంది. అర నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వాళ్లు లెక్క చూసుకుంటున్నారంతే. మనవాళ్లకు ఆ మౌనం భరించలేక, ఎవరూ అడక్కుండానే కిలోకి ఐదు రూపాయలు తగ్గించేస్తారు. దాంతో మొదట చెప్పిన రేటు మీద నమ్మకం పోతుంది. మిర్చి యార్డులో ధర రోజూ మారుతుంది కాబట్టి కొటేషన్ మీద 'ఈ రేటు ఫలానా తేదీ దాకా' అని, చెన్నై పోర్టు వరకా, వాళ్ల పోర్టు వరకా అన్నదీ స్పష్టంగా రాయండి. మీరు మాట్లాడుతుంటే తలాడిస్తూ ఉంటారు. వింటున్నామని దాని అర్థం, ఒప్పుకున్నట్టు కాదు.

శాంపిల్ విషయంలో ఇంకా జాగ్రత్త. మంచి రంగున్న కాయ ఏరి చూపించడం ఇక్కడ మామూలే. వాళ్లు ఆ శాంపిల్‌ను దాచిపెట్టి, కంటైనరు దిగాక సరుకు పక్కన పెట్టి చూస్తారు. తాలు కాయ (రంగు పోయిన కాయ) శాతం, తేమ, తొడిమ ముక్కలు అన్నీ సరిపోవాలి. అందుకే పంపబోయే లాటులోంచే, వేర్వేరు టిక్కీల (మిర్చి బస్తాల) నుంచి తీసి కలిపిన శాంపిల్ ఇవ్వండి. సంచిలో వేసుకుని వెళ్లకుండా ముందే కొరియర్ చేయండి, ఏ కాగితాలు కావాలో కొనేవాళ్లనే అడగండి.

2006 నుంచి జపాన్‌లో ప్రత్యేకంగా హద్దు పెట్టని పురుగుమందు ఏదైనా 0.01 పీపీఎం (కిలోకి 0.01 మిల్లీగ్రాము) దాటితే ఆ ఆహారం అమ్మడానికి వీల్లేదు. బూజు వల్ల వచ్చే విషం అఫ్లాటాక్సిన్ మొత్తం కలిపి కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. పది మంది రైతుల కాయ ఒక లాటులో కలిస్తే, ఒక్కరు కొట్టిన మందు చాలు లాటంతా తప్పడానికి. స్పైసెస్ బోర్డు ల్యాబు గుంటూరులోనే ఉంది. లాటు నంబరుతో రిపోర్టు చేయించి, మీటింగుకి వారం ముందే పంపితే వాళ్లలో వాళ్లు చదువుకుని వస్తారు.

కొరిటెపాడు:
చాలా థ్యాంక్సండీ. రేటు దగ్గర మౌనం సంగతి నిజంగా తెలియదు. అన్నీ విన్నాక 'పరిశీలిస్తాం' అంటే ఇక వదిలేసుకోవడమేనా? అక్కడికక్కడే తేల్చమని అడగొచ్చా?

అరండల్‌పేట:
తేల్చమని అడగొద్దు. గదిలో ఉన్నవాళ్లకు ఆ అధికారం ఉండకపోవచ్చు. కింది నుంచి కాగితం తయారై, సంబంధించిన విభాగాలన్నీ ఒప్పుకుంటూ పైకి వెళ్తుంది, వారాలు పడుతుంది. ఒకసారి ఒప్పుకున్నాక మాత్రం పని చకచకా సాగుతుంది. 'కొంచెం కష్టం' అంటే దాదాపు కాదన్నట్టే. అప్పుడు 'రేటా, రిపోర్టా, ప్యాకింగా, ఏది మార్చుకోవాలి?' అని నెమ్మదిగా అడగండి. అందరి ముందు చెప్పనిది తర్వాత ఒక్కరే మెయిల్‌లో చెప్పవచ్చు. బయటికొచ్చిన రోజే మీటింగులో అనుకున్నవి, ఎవరు ఏ తేదీకి ఏం చేయాలో అంకెలతో రాసి పంపండి.

పటమట:
భోజనం గురించి నేను చెబుతాను. శాకాహారి అంటే సరిపోదు. అక్కడ సూపుల్లో, నూడుల్స్ రసంలో, కూర ముక్కలు ఉడికించే నీళ్లలో కూడా ఎండు చేప రసం ఉంటుంది, కంటికి కనపడదు. మాంసం, చేప, రొయ్య, గుడ్డు, చేప రసం ఏదీ వద్దని వారం ముందే మెయిల్‌లో రాయండి. ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తే అదీ రాయండి. బౌద్ధ మఠాల పద్ధతిలో శాకాహారం వండే హోటళ్లున్నాయి, ముందే చెబితే వాళ్లే బుక్ చేస్తారు. టేబుల్ దగ్గర కూర్చున్నాక చెబితే పిలిచినాయన తలవంపులుగా భావిస్తాడు.

మందు అక్కర్లేదు, ఊలాంగ్ టీ అడగండి. అందరూ 'కంపాయ్' అని గ్లాసులెత్తేదాకా తాగకూడదు. మన గ్లాసు మనం నింపుకోం, పక్కవారిది నింపుతాం. ఇక చాలనుకుంటే గ్లాసు నిండుగానే వదిలేయండి. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చడం, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు అందించడం చావు ఇంట్లో చేసే పనులు. చాప్‌స్టిక్స్‌తో తినడం రాకపోతే ఫోర్కు అడగడం మేలు. టిప్పు ఇవ్వొద్దు.

గిఫ్టు మీటింగు చివర్లో ఇవ్వాలి. మంగళగిరి చేనేత స్టోల్ గానీ, చిన్న కొండపల్లి బొమ్మ గానీ బాగుంటుంది. నాలుగేసి, తొమ్మిదేసి ఇవ్వొద్దు. ఆఫీసంతటికీ ఇచ్చేది తినే వస్తువైతే విడివిడిగా కాగితం చుట్టినదై, మనుషుల కంటే నాలుగు ఎక్కువే ఉండాలి. ఆవకాయ సీసాలు మాత్రం వద్దు, నూనె కారితే పెట్టె తెరిచినవాళ్ల బల్ల పాడవుతుంది. ఇచ్చాక ఇప్పుడే విప్పమని బలవంతపెట్టకండి.

బెంజిసర్కిల్:
రెండు మాటలు మిగిలిపోయాయి. ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమవైపు, ఒసాకాలో కుడివైపు నిలబడతారు. మీది రెండూళ్ల ప్రయాణం కాబట్టి ముందువాళ్లను చూసి నిలబడండి. రైల్లో ఫోన్ మాట్లాడకూడదు.

తిరిగి వచ్చాక గడియారం గుర్తుంచుకోండి. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు, వాళ్ల సాయంత్రం 5:30కి మనకు మధ్యాహ్నం 2. జవాబులు ఆలోగా వెళ్లాలి. డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా, ఏప్రిల్ చివర నుంచి మే 5 దాకా, ఆగస్టు నడుమ ఆఫీసులు చాలావరకు మూసి ఉంటాయి. ఆ రోజుల్లో పోర్టుకి చేరేలా కంటైనరు ఎక్కించకండి.