హాల్‌స్టాట్‌కు అత్తమామలతో: ఒక్క పగలు చాలా, రాత్రి ఉండాలా?

అమలాపురం అల్లుడు: జూన్‌లో అత్తమామలతో ఆస్ట్రియా వెళ్తున్నాను. సాల్జ్‌బర్గ్‌లో బస. సరస్సు ఒడ్డున ఉన్న హాల్‌స్టాట్ ఊరు చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చా? మామగారికి మోకాళ్ల నొప్పులు. శాకాహారం దొరుకుతుందా?

నరసాపురం రేవు: స్టేషన్ సరస్సుకు ఇవతల, ఊరు అవతల. రైలు దిగి మన సఖినేటిపల్లి పంటులాగే పడవ ఎక్కాలి. సాయంత్రం చివరి పడవ వేళ ముందే చూసుకోండి.

పాలకొల్లు బాటసారి: పంటుతో పోలికా! పంటు మీద కార్లు ఎక్కుతాయి, అది మనుషులకే. సాల్జ్‌బర్గ్ నుంచి 150 నంబరు బస్సులో బాడ్ ఇషల్ దాకా వెళ్లి, అక్కడ రైలెక్కండి.

భీమవరం: రాత్రి ఉండండి. ఎనిమిది వందలమంది కూడా లేని ఊరికి రద్దీ రోజున పదివేలమంది వస్తారు. 2023లో ఊరివాళ్లు విసిగి, ఫొటోలు దిగే చోట చెక్క కంచె కట్టారు. విమర్శలు వచ్చాయని తీసేశారు. ఎందుకు తీయాలి? మన వీధి అరుగు మీద రోజూ వెయ్యిమంది నిలబడి ఫొటోలు తీసుకుంటే ఊరుకుంటామా?

ఆచంట అత్తయ్య: అదంతా సరే, ఆ ఊరి ఎముకల గదికి మాత్రం పెద్దవాళ్లను తీసుకువెళ్లకండి. పుర్రెలకు రంగులు వేసి పేర్చడమేమిటి, దానికి టికెట్టేమిటి!

చరిత్ర మాస్టారు: పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, వినండి. కొండకూ నీటికీ మధ్య శ్మశానానికి జాగా లేదు. అందుకే కొన్నేళ్లకు సమాధి తవ్వి, పుర్రెను ఎండలో తెల్లబరిచి, నుదుటి మీద పేరు, చుట్టూ ఆకులూ పూలూ చిత్రించి భద్రపరిచేవారు. సుమారు 1200 పుర్రెల్లో 610 అలాంటివే. చివరిది ఒకావిడది, 1995లో చేరింది, అదీ ఆమె కోరిక మీదే. ఇక 1846లో రామ్‌సౌర్ అనే అక్కడి ఉప్పు గని అధికారి మొదలుపెట్టిన పాతకాలపు సమాధుల తవ్వకాల్లో...

ఆచంట అత్తయ్య: ఆమె కోరుకుంది, సరే. మిగతావాళ్లను అడిగారా? మేము అస్థికలు గోదావరిలో కలిపేదాకా గుమ్మం దాటి లోపలికి తేనివ్వం.

చరిత్ర మాస్టారు: మీ ఆచారం మీది, వాళ్లది వాళ్లది. సగం చదివి కోప్పడితే నేనేం చేయను?

అమలాపురం అల్లుడు: అయ్యా, మోకాళ్ల సంగతి?

భీమవరం: ఆ ఊరి ఉప్పు గని చూడటం మానేయండి. లోపల 8 డిగ్రీల చలి, మెట్లు, ఒక స్థాయి నుంచి కిందికి చెక్క జారుడుబల్లలు. మామగారు సరస్సు గట్టున బల్ల మీద కూర్చుంటే హాయి.

పాలకొల్లు బాటసారి: తిండికి పులిహోర కట్టుకువెళ్లండి.

ఆచంట అత్తయ్య: చింతపండుదే కట్టండి, నిమ్మకాయది సాయంత్రానికి చేదెక్కుతుంది.