ప్రకటన గ్రంథం ముందుగా ఎవరి కోసం? లోకం కోసమా, పాస్టర్ల కోసమా?

బ్రాడీపేట విశ్వాసి, గుంటూరు:
అందరికీ వందనాలు. మా వైపు ఉజ్జీవ సభల్లో బైబిల్ చివరి పుస్తకం ప్రకటన గ్రంథం అంటే చాలు, అందులోని తీర్పుల ముద్రలు, బూరలు, కోపపాత్రలు గీసిన చార్టు కట్టి ఏ యుద్ధం ఏ బూరకి సరిపోతుందో చెప్తున్నారు. అందులో చెప్పిన మృగం సంఖ్య 666 అంటే బార్‌కోడే అన్నారు, తర్వాత ఆధార్ అన్నారు, కోవిడ్‌లో టీకా అన్నారు, ఆ భయంతో టీకా వేయించుకోని ముసలివాళ్లు మా సంఘంలోనే ఉన్నారు. ఈ పుస్తకాన్ని పాస్టర్లు ముందు తమ ఆత్మ కోసం చదువుకోవాలని నా గట్టి నమ్మకం. 2, 3 అధ్యాయాల్లో ఏడు సంఘాలకి పంపిన ఏడు ఉత్తరాలూ ఆయా సంఘపు దూతకే రాశారు. ఆ దూత కాపరే అని అందరూ ఒప్పుకోరు, సరే, కానీ అక్కడ నిలదీసింది సంఘాన్నే కదా. ఆ ఏడింటిలో ఒకటైన ఎఫెసు సంఘం వాళ్లు దొంగ అపొస్తలుల్ని కనిపెట్టారు, అలసిపోకుండా పనిచేశారు, అయినా మొదటి ప్రేమ పోయింది. దీన్ని తన గురించే అనుకుని ప్రసంగించే అయ్యగారు కావాలి మనకి.

పటమట సేవకుడు, విజయవాడ:
బ్రదర్, టీకా విషయంలో మీతో ఏకీభవిస్తా. కానీ అన్నిటికీ ఆత్మీయ అర్థం చెప్పుకుంటూ పోతే క్రీస్తు రెండో రాకడ ఏమవుతుంది? ప్రతి కన్నూ ఆయన్ని చూస్తుందని 1:7లో ఉంది. పాతకాలపు సంఘ పండితుడు అగస్టీన్, 20వ అధ్యాయంలో క్రీస్తు ఏలే వెయ్యేళ్లంటే ఇప్పటి సంఘ కాలమే అన్నాడు, ఆ దారిలో వెళ్లిన సంఘాల్లో ఎదురుచూపు చల్లారిపోయిందని నా అభిప్రాయం. మా పేటలో కూలికెళ్లే అక్కలకి, కన్నీళ్లు తుడిచే రోజు నిజంగా వస్తుందన్న మాటే బలం.

బ్రాడీపేట విశ్వాసి:
అన్నా, అగస్టీన్ రాకడనీ తీర్పునీ కాదనలేదు, నేనూ కాదనను. ఏడు సంఘాల్లో చివరిదైన లవొదికయ చూడండి. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి కూలిపోతే, రోమ్ సాయం లేకుండా సొంత డబ్బుతోనే ఊరు కట్టుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అలాంటి ఊళ్లోని సంఘంతోనే, నీకేమీ కొదువ లేదనుకుంటున్నావు, దిక్కుమాలినవాడివి, గుడ్డివాడివి అన్నాడు ప్రభువు. ఎల్ఈడీ స్క్రీన్లు, ఏసీ మందిరాలు కట్టుకుని, సంఘంలో పేదవాడి పేరు కూడా తెలియని సేవకులకి ఇంతకంటే సూటిగా ఏం చెప్పాలి? 18వ అధ్యాయంలో బబులోను వర్తకుల సరుకులు బంగారంతో మొదలై మనుషుల ప్రాణాలతో ముగుస్తాయి. స్వస్థత నూనె సీసాకి రేటు పెట్టేవాళ్లు ఆ వచనం దగ్గర ఆగాలి.

లూథరన్ యువకుడు, గుంటూరు:
మాది 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ సంప్రదాయం. మా సంప్రదాయానికి మూలమైన జర్మన్ సంస్కర్త లూథర్, తన బైబిల్ అనువాదంలో ప్రకటన గ్రంథానికి రాసిన 1522 ముందుమాటలో ఈ పుస్తకాన్ని పరిశుద్ధాత్మ రాయించినట్టు తనకి అనిపించడం లేదన్నాడు, 1530లో దాన్ని తీసేసి కొత్త ముందుమాట రాశాడు. అందులో తన కాలపు పోపునీ టర్కీ తురకలనీ ఈ దర్శనాల్లో చూశాడు, అంటే కాలానికి తగ్గ శత్రువుని వెతకడం ఆయనకీ తప్పలేదు. కాబట్టి చార్టు కట్టేవాళ్లనే తిడితే న్యాయం కాదు. ఆత్మీయంగా చదువుతున్నామనుకుంటూ మనకి నచ్చని పాస్టర్ మీదికి లవొదికయని విసరడం కూడా అదే పని.

పటమట సేవకుడు:
ఈ మాట బాగుంది తమ్ముడూ. ఏడు ఉత్తరాలు ముందు మా పాస్టర్ల ఫెలోషిప్‌లో చదివిస్తా, బయట సభలో కాదు. రాకడ గురించి మాత్రం తగ్గించి చెప్పను, 1:7 మనసులో కలిగే అనుభవం అంటే ఎప్పటికీ ఒప్పుకోను.