శాణోల్లీఢః: ఎవరు ఎవరిని నాకారు?
(మాట్లాడేవాళ్లకు వాళ్ల ఊళ్లే పేర్లు.)

హన్మకొండ: భర్తృహరి శ్లోకం ఒకటి సగం వరకే వస్తోంది. "మణిః శాణోల్లీఢః సమరవిజయీ హేతి…" ఆ తర్వాత "నిహతో" అనాలా, "దళితో" అనాలా? హేతి అంటే ఆయుధం. నిహతో అంటే దాని దెబ్బ తిన్నవాడు, దళితో అంటే దానితో చీలినవాడు. చివర్లో "తనిమ్నా శోభంతే" ఉంటుంది: సానపట్టిన మణి, గాయపడ్డ విజేత లాంటివాళ్లు తగ్గినా శోభిస్తారని. చౌరస్తాలో రవ్వల దుద్దుల బేరం చేస్తుంటే గుర్తొచ్చి వదలడం లేదు.

పరకాల: రెండు పాఠాలూ ఉన్నాయి సార్. శ్లోకం ఛందస్సు శిఖరిణి, అందులో రెండూ ఇముడుతాయి, గణాలతో తేలదు. నా పేచీ అంతా "ల్లీఢ" దగ్గరే. లిహ్ ధాతువు, అంటే నాకడం. సానరాయి నాకిన మణి అన్నమాట. అలాగైతే ఆ మణి వజ్రం కాదు. సానకు వాడే గట్టి రాయి కురువిందమైనా సరే, వజ్రాన్ని ఏం నాకుతుంది?

మంథని: వజ్రాన్ని అరగదీసేది వజ్రపు పొడే. 17వ శతాబ్దంలో మన గనులు చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే రాసిందే చూడండి: కంచమంత ఉక్కు చక్రం, దాని మీద ఒకసారికి ఒకే రాయి. రాయి "దారి", అంటే అది అరిగే దిక్కు, దొరికేదాకా నీళ్లు పోస్తారు, దొరికాక నూనె, వజ్రపు పొడి. ఆ దారి పట్టుకోవడమే అసలు విద్య. వజ్రం గట్టితనం అన్ని దిక్కులా ఒకటి కాదు. ఒక దిక్కున అరుగుతుంది, ఇంకో దిక్కున చక్రానికే గీతలు పెడుతుంది. సూరత్‌లో ఇప్పటికీ "ఘంటి" అనే సాన చక్రం మీద ఇదే పని. అందుకే నా సిద్ధాంతం: రాయే చక్రాన్ని నాకింది!

పరకాల: సమాసం ఒప్పుకోదన్నా. మీ అర్థం రావాలంటే "ఉల్లీఢశాణః" అనాలి.

జగిత్యాల: కాళిదాసును మరిచారేం? "మణౌ వజ్రసముత్కీర్ణే సూత్రస్యేవాస్తి మే గతిః." వజ్రం తొలిచిన మణిలో దారంలా నాకూ దారి ఉంది అంటాడు. అక్కడ వజ్రం ఆభరణం కాదు, మణికి బెజ్జం వేసే పనిముట్టు. "మణివేధకసూచీవిశేషం" అని కాళిదాసు వ్యాఖ్యాత మల్లినాథ సూరి తేల్చేశాడు. ఆయనది మెదక్ కొలచారం. మన సూరి చెప్పాక సూరత్ దాకా ఎందుకు?

కరీంనగర్: మేడమ్, మాది వెండి తీగ పని, వజ్రాలు మా చేతికి రావు. కానీ శ్లోకంలో కీలకం "తనిమ్నా" అనే అనిపిస్తుంది. తగ్గి మెరవడం. ఎనిమిది ముఖాల ముడిరాయిని రంపంతో రెండు చేస్తారు. అంచు గుండ్రంగా రావడానికి వజ్రాన్ని వజ్రంతోనే రుద్దుతారు. ఆ తర్వాత చక్రం మీద 57 ముఖాలు తీస్తారు, అడుగు మొనను కూడా చదును చేస్తే 58. ఇదంతా అయ్యేసరికి తరచుగా సగం బరువు పొడైపోతుంది. కోహినూరు 1852లో లండన్‌లో 186 క్యారెట్ల నుంచి 105.6కి దిగింది. మనవాళ్లకు అంత తగ్గించడం ఇష్టం ఉండేది కాదు. పోల్కీ అనే మన పాత నగల పనిలో రాయి సహజ రూపం చాలావరకు అలాగే ఉంచి, వెనక తళుకు రేకు పెట్టి, చుట్టూ మేలిమి బంగారంతో బిగిస్తారు. మెరుపు కొంచెం మెత్తగా ఉంటుంది గానీ, నాకైతే అదే అందం.

హన్మకొండ: అన్నీ బాగున్నాయి. నిహతోనా, దళితోనా?

మంథని: దళితో. వజ్రానికీ దళనం ఉంది కదా. పొర దిక్కు చూసి గాటు పెట్టి, ఉక్కు బద్ద ఆనించి ఒక్క దెబ్బ కొడితే నున్నగా రెండవుతుంది. యోధుడికీ మణికీ అక్కడ పొత్తు కుదిరింది.

పరకాల: శ్లోకంలో మణి సాన మీదుంది, మీరు సుత్తి తెచ్చారు.

జగిత్యాల: సుత్తి అంటే పోతన్న రాకుండా ఉంటాడా! భాగవతం రాజులకు అమ్మనన్న పద్యంలో, యముడి "సమ్మెట వ్రేటులం బడక" అన్నాడు. వజ్రం సమ్మెటకు కూడా పగలదని పాత నమ్మకం. గీత పడదు నిజమే, దెబ్బకు మాత్రం పగులుతుంది. అది సరే, అదే పద్యంలో "సొమ్ములు గొన్ని పుచ్చుకొని" అన్నాడు. ఏం పుచ్చుకొని?

కరీంనగర్: నగలే. మా దిక్కు పెళ్లిలో "సొమ్ములు ఏం పెట్టిండ్రు" అని అడిగితే పైసల గురించి ఎవరూ చెప్పరు.

మంథని: ధనం అనే చదువుకున్నాం మేము.

కరీంనగర్: ధనమైతే "కొంత" అనేవాడు. "గొన్ని" అన్నాడంటే లెక్కపెట్టే వస్తువులే కదా సార్?

పరకాల: ఇమ్మ, సొమ్ము, సమ్మె, బమ్మె. ప్రాస కోసం వచ్చిన మాట అది. దాన్ని ఇంత సాగదీయకండి.

జగిత్యాల: పోతన్న ప్రాస కోసం మాట పడేశాడని బమ్మెరకు ఇంత దగ్గర్లో కూర్చుని అనకండి. ఇంకో ఉదాహరణ చూపించండి, ఒప్పుకుంటాను.

హన్మకొండ: నా "హేతి" సంగతి?