పూరీలో గది పేరిట మోసం: మా జిల్లాలోనే ఎఫ్‌ఐఆర్ చేయించుకునే దారి తెలుపగలరు

మేముండేది ఒడిశాలో పర్లాకిమిడి వైపు ఒక చిన్న ఊరు. రథయాత్రకు పూరీ వెళ్లే మా అమ్మానాన్నల కోసం, ఫోన్ మ్యాప్‌లో ఒక లాడ్జి పేరు కింద కనిపించిన నంబరుకు మాట్లాడి, సోమవారం రాత్రి 8:40కి యూపీఐ ద్వారా రూ. 6,500 పంపాం. వెంటనే వాట్సాప్‌లో లాడ్జి ముద్రతో రసీదు వచ్చింది. డబ్బు జమైన పేరు మాత్రం లాడ్జిది కాదు, ఎవరో వ్యక్తిది. మరునాడు ఉదయం ‘తిరిగి ఇచ్చే డిపాజిట్’ అంటూ మరో రూ. 5,000 అడగడంతో అనుమానం వచ్చి, పూరీలోని బంధువులను లాడ్జికి పంపగా, ఆ నంబరు తమది కానే కాదని మేనేజరు చెప్పారు.

అదే ఉదయం 11 గంటలకు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు, రసీదు, సంభాషణల స్క్రీన్‌షాట్లు జతచేశాం. అవతలి ఖాతాలో రూ. 4,200 నిలిపి ఉంచారని, కోర్టు లేదా పోలీసు ఉత్తర్వు లేనిదే విడుదల చేయలేమని బ్యాంకువారు అంటున్నారు. దగ్గరి ఠాణాలో ఒడియాలో రాయించిన ఫిర్యాదు ఇస్తే, నేరం పూరీదని, అక్కడికే వెళ్లమని తిప్పి పంపారు. డబ్బు కదిలింది మా ఇంటి నుంచే, పూరీలో జరిగిందేమీ లేదు! నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఠాణాలో సమాచారం ఇవ్వవచ్చని నేర విచారణ పద్ధతుల చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని చూపినా ఫలితం లేకపోయింది.

ఠాణాలో నిరాకరిస్తే అదే సెక్షన్‌లోని 4వ ఉపవిభాగం కింద ఎస్పీకి తపాలాలో పంపవచ్చు. ఒడిశాలో ఈ పద్ధతిలో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకున్నవారు, ఆ దరఖాస్తుకు ఏయే కాగితాలు జతచేశారో చెప్పగలరా?