జంధ్యం వేసుకున్నట్టున్న ఈ పిట్ట ఏమిటి?

పక్షులను చూడటం మొదలుపెట్టి మూడు నెలలే అయింది. కొంగ, లకుముకి, తీతువు లాంటివి తప్ప పెద్దగా గుర్తుపట్టలేను. మొన్న సాయంత్రం నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట వైపు వరి పొలాల గట్టున నడుస్తుంటే, కాలువ పక్క తుంగలో రెండు పిట్టలు కనిపించాయి. గోరువంక కన్నా కాస్త పెద్దవి. ముక్కు పొడవు, చివర కొద్దిగా కిందికి వంగింది. ఒకదాని మెడ ముదురు కుంకుడుకాయ రంగు. కంటి చుట్టూ తెల్లగా, కళ్లజోడు పెట్టుకున్నట్టు ఉంది. అన్నిటికన్నా వింత, రొమ్ము పక్క నుంచి భుజం మీదికి పాకిన తెల్లని పట్టీ. అచ్చం జంధ్యమే! రెండోదానికీ అవే గుర్తులు, కానీ రంగు వెలిసినట్టు, ఒంటినిండా మచ్చలు.

నన్ను చూడగానే మట్టిగడ్డల్లా కదలకుండా ఉండిపోయాయి. కాసేపటికి నడుం కిందికీ పైకీ ఊపుకుంటూ బురదలో ముక్కు గుచ్చసాగాయి. ఇంకో అడుగు వేసేసరికి కాళ్లు వేలాడేసుకుని, బద్ధకంగా ఎగిరి పక్క మడిలో దిగాయి.

మా పక్క పొలం రైతు ఉల్లంకి అన్నారు. కానీ ఉల్లంకి కీచుమంటూ వంకరటింకరగా దూసుకుపోతుందని చదివాను. ఇవి నోరే విప్పలేదు. ఫోనులో తీసిన ఫొటోలో గడ్డి తప్ప ఏమీ లేదు, నవ్వకండి.

వీటి పేరేమిటి? నెమళ్లలోలాగా రంగులున్నదే మగదా, లేక ఇక్కడ తిరగబడిందా? మళ్లీ వెళితే ఏ గుర్తు చూసుకోవాలి?