జీతం ఆపేసిన క్లబ్బు కోసం తొడ నొప్పితో ఆడాలా, వద్దా?

కొర్లగుంట అన్న:
అందరికీ నమస్కారం. మా పిన్ని కొడుకు ఫుట్‌బాల్ ప్లేయర్. ఇక్కడ తిరుపతిలో తారకరామ స్టేడియంలో ఆడుతూ పెరిగినవాడే, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఒక క్లబ్బుకి రైట్ వింగ్ ఆడుతున్నాడు. కాంట్రాక్ట్ మే నెలాఖరుకి అయిపోతుంది. మూడు నెలలుగా జీతం పడలేదు, అడిగితే స్పాన్సర్ డబ్బులు రాగానే అంటారు, కొత్త కాంట్రాక్ట్ మాటెత్తితే ముందు ఈ సీజన్ బాగా ఆడు చూద్దాం అంటారు. ఇంతలో వాడికి తొడ వెనక కండరం పట్టేసింది. నడిస్తే ఏమీ ఉండదు, జాగింగ్‌లోనూ బాగానే ఉంటుంది, గట్టిగా స్ప్రింట్ తీసేసరికి పిరుదు కింద చురుక్కుమని లాగుతుందంట. ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి. ఆడి కాలు పోగొట్టుకుంటే మే తర్వాత వాణ్ని ఎవరు చూస్తారు? ఆడకపోతే పొగరుబోతని పేరు పడుతుందని వాడి భయం. పిన్ని రోజూ ఫోన్లో వచ్చేయమని ఏడుపు, బాబాయేమో సంతకం పెట్టాక మాట తప్పకూడదంటాడు. ఇది చాలదన్నట్టు కేరళ మలప్పురంలో సెవెన్స్ టోర్నీకి, అదే టీముకి ఏడుగురు ఆడే ఫుట్‌బాల్‌కి, రమ్మని ఎవరో పిలుస్తున్నారు, మ్యాచ్‌కి ఇంతని చేతిలో పెడతారంట. తెలిసినవాళ్లు చెప్పండి.

రేణిగుంట వింగర్:
ఆడొద్దని చెప్పన్నా. అమెరికన్ ఫుట్‌బాల్ వేరే ఆటే కానీ ఈ గొడవ అక్కడ ముదిరినట్టు ఇంకెక్కడా ముదరలేదు. 2018లో సియాటిల్ సీహాక్స్ ప్లేయర్ ఎర్ల్ థామస్ కొత్త కాంట్రాక్ట్ ఇవ్వండి లేదా వేరే టీముకి పంపండి అని క్యాంపుకి రాలేదు, చివరికి సీజన్ మొదలయ్యే ముందు వచ్చి ఆడాడు, నాలుగో మ్యాచ్‌లో కాలు విరిగింది. బండి మీద బయటికి తీసుకెళ్తుంటే సొంత టీము బెంచీ వైపే మధ్యవేలు చూపించాడు, అంత కడుపుమంట. అదే ఏడాది పిట్స్‌బర్గ్ ప్లేయర్ లెవియన్ బెల్ సుమారు 1.45 కోట్ల డాలర్లు వదులుకుని సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు, 2019లో న్యూయార్క్ జెట్స్ 4 ఏళ్లకి 5.25 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. క్లబ్బు డబ్బులివ్వనప్పుడు మన ఒంటిని ఎందుకు పణంగా పెట్టాలి?

పాత డిఫెండర్, చిత్తూరు:
తమ్ముడూ, సగమే చెప్పావు. కాలు విరిగిన థామస్‌కి కూడా మరుసటి ఏడాది బాల్టిమోర్ 4 ఏళ్లకి 5.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2020లో డాలస్ ప్లేయర్ డాక్ ప్రెస్కాట్ చీలమండ ఘోరంగా విరిగితే 2021 మార్చిలో అదే టీము 16 కోట్ల డాలర్లతో సంతకం పెట్టించుకుంది. వాళ్లు స్టార్లు కాబట్టి క్లబ్బులు ఆగాయి, మన పిల్లోడి కోసం ఆగేదెవరు? ఊరికే కూర్చుంటే క్షేమం అనుకోవడమూ తప్పే. మన ఫుట్‌బాల్‌లోనే చూడు, 2025లో ఇంగ్లండ్‌లో స్ట్రైకర్ ఇసాక్ తన క్లబ్బు న్యూకాసిల్‌కి ఆడనని భీష్మించి 12.5 కోట్ల పౌండ్లకి లివర్‌పూల్ వెళ్లాడు, సీజన్ ముందు ట్రైనింగ్ పోయింది కాబట్టి ఫిట్‌నెస్ అందుకోడానికి నానా తంటాలు పడ్డాడు, డిసెంబర్‌లో కాలు కూడా విరిగింది. మ్యాచ్ మానినా ట్రైనింగ్‌కి వెళ్లడం మానొద్దని చెప్పండి. రోజూ టైముకి గ్రౌండ్‌లో కనిపించేవాణ్ని పొగరుబోతని ఎవరూ అనలేరు.

కోర్టు పని:
అన్నా, అందరూ రెండు విషయాలు కలిపేస్తున్నారు. జీతం వేరు, గాయం వేరు. జీతం ఇవ్వలేదు కాబట్టి ఆడను అన్నాడో, రేపు నొప్పి నిజమే అన్నా క్లబ్బు నమ్మదు, నాటకమంటుంది. కాబట్టి గాయం గురించి విడిగా మెయిల్ పెట్టాలి: ఫలానా రోజు నుంచి నొప్పి, స్కాన్ చేయించండి, టీమ్ డాక్టర్ ఏమన్నాడో రాతపూర్వకంగా ఇవ్వండి అని.

జీతానికి ఫిఫా నిబంధనల్లో 14బిస్ అని ఒక ఆర్టికల్ ఉంది. కనీసం రెండు నెలల జీతం ఆపితే, ప్లేయర్ రాతపూర్వకంగా నోటీసిచ్చి 15 రోజులు గడువు పెట్టి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు. నోటీసు లేకుండా బ్యాగు సర్దుకుని రైలెక్కితే మాత్రం తప్పు మనవాడి మీదికే వస్తుంది, పిన్నిగారికి ఈ ముక్క నచ్చజెప్పండి. మనవాడూ క్లబ్బూ ఇద్దరూ ఇండియానే కాబట్టి కేసు ఏఐఎఫ్‌ఎఫ్ (మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య) ప్లేయర్స్ స్టేటస్ కమిటీకి వెళ్తుంది. ప్లేయర్ల సంఘం ఎఫ్‌పీఏఐకి కూడా ఒక మాట చెప్పండి. కాంట్రాక్ట్ ఆఖరి ఆరు నెలల్లో వేరే క్లబ్బుతో సంతకం చేసుకునే హక్కు ఉంది, ఇప్పటినుంచే మాట్లాడుకోమనండి. కానీ కొత్త క్లబ్బు సంతకానికి ముందు మెడికల్ చేస్తుంది, ఆ రోజుకి కాలు బాగుండాలి. సెవెన్స్ జోలికి అస్సలు వెళ్లొద్దు. కాంట్రాక్ట్‌లో ఉండగా బయట ఆడితే క్లబ్బుకి మనమే ఆయుధం ఇచ్చినట్టు.

ఫిజియో అక్క:
నేను తిరుపతిలోనే ఫిజియోని. పిరుదు కింద లాగుతుందన్నారే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. తొడ మధ్యలో నొప్పి కంటే కూర్చునే ఎముకకి దగ్గర్లో వచ్చే నొప్పి మానడానికి ఎక్కువ టైము పడుతుంది, కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు (టెండన్) దాకా దెబ్బ ఉండొచ్చు. జాగింగ్‌లో బాగుందని మ్యాచ్‌కి దిగడం ఏమీ తేల్చదు, వింగర్‌కి కావలసింది పూర్తి స్పీడు. ఎంఆర్‌ఐ తీయించి, స్పీడు మెల్లగా పెంచుకుంటూ నొప్పి లేకుండా ఫుల్ స్ప్రింట్ వచ్చేదాకా మ్యాచ్ వద్దు. నొప్పి తెలియకుండా ఇంజక్షన్ వేసి దించుతామంటే ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పండి. జీతాలు సక్రమంగా పడుతున్నా నేను ఇదే చెప్పేదాన్ని.

కొర్లగుంట అన్న:
అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే వాడితో మాట్లాడాను. సెవెన్స్ వద్దన్నాడు, రేపు స్కాన్ సంగతి మెయిల్ పెడతాడు. జీతం నోటీసు డ్రాఫ్ట్ చేస్తే ఒకసారి చూస్తారా అన్నా?

కోర్టు పని:
పంపండి. ఏ నెల జీతం ఎంత, ఏ తేదీకి పడాల్సింది అన్నది మొదటి పేరాలోనే రాయమనండి, బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయమనండి.